విషానికి ఆనవాలు: పాముకాటు మందు చరిత్ర

నాగులచవితినాడు పుట్టలో పాలు పోసి మ్రొక్కేదీ మనమే, చేలో అదే నాగు కనబడితే కర్ర పుచ్చుకొనేదీ మనమే. భక్తీ భయమూ రెండూ మన జాతికి పాము దగ్గర కలిసే వచ్చినవి. భయానికి కారణం లేకపోలేదు. 2000 సంవత్సరం మొదలు 2019 వరకు మన దేశంలో పాముకాటువల్ల సుమారు పన్నెండు లక్షలమంది మరణించినారని పరిశోధకులు 2020లో లెక్కకట్టినారు. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. ఈ మరణాలు ఎక్కువగా జరిగే ప్రాంతాలలో మన ఆంధ్ర, తెలంగాణములూ, ఒడిషా కూడా చేరివున్నవి. మనం ఈ బెంగుళూరు చేరి తరాలు గడిచినా, అక్కడ చేలగట్లమీద నడిచే అన్నదమ్ములూ, రాత్రివేళ పట్టాల వెంబడి నడిచే మా రైల్వే గ్యాంగుమేన్లూ ఈ భయం నీడలోనే వున్నారు. అందుచేత ఈ ఉగాది సంచికలో పాముకాటు మందు చరిత్రను సోదర సోదరీమణులకు మనవి చేయదలచినాము. ఆ చరిత్ర యావత్తూ ఒక చిన్న ఆనవాలు కోసం జరిగిన వెదుకులాట అని చెప్పవచ్చును.

గుర్రం ఇచ్చిన మందు

1890లో బెర్లిన్ నగరంలో జర్మనీ దేశస్థుడైన బేరింగ్, జపాను దేశస్థుడైన కిటసాటో ఒక గొప్ప విషయం బయటపెట్టినారు. ధనుర్వాతపు క్రిముల విషాన్ని కొద్దికొద్దిగా జంతువులకు ఎక్కిస్తే, ఆ విషానికి విరుగుడు ఆ జంతువుల నెత్తురులోనే తయారవుతుందని వారు చూపినారు. ఆ విరుగుడు పదార్థాలనే నేడు యాంటీబాడీలు అంటున్నాము.

అప్పటికి ఫ్రెంచి వైద్యుడు ఆల్బర్ట్ కాల్మెట్ సైగాన్ నగరంలో పనిచేస్తూ, 1891లో నాగుపాము కాటుకు జనం చనిపోవడం చూచినాడు. స్వదేశానికి తిరిగివెళ్లి, లీల్ పట్టణంలో గుర్రాలకు నాగువిషం కొద్దికొద్దిగా ఎక్కించి, 1895 నాటికి వాటి నెత్తురునుండి మందు తయారుచేసినాడు. పాముకాటుకు యాంటీబాడీల మందు అదే మొదలు.

కాల్మెట్ ఆ ఒక్క మందు అన్ని పాములకూ చాలునని నమ్మినాడు. ఆ నమ్మకం తప్పని చూపినవారిలో మన దేశంలో పనిచేసిన వైద్యుడొకరు వున్నారు. ఇరవయ్యవ శతాబ్ది మొదటి సంవత్సరాలలో బొంబాయి పరేలులోని ప్లేగు పరిశోధనాలయంలో జార్జి లాంబ్ పరీక్షలు జరిపి, నాగుపాముకు చేసిన మందు రక్తపింజరి విషంపై పనిచేయదని తేల్చినాడు. ఆ పరిశోధనాలయానికే 1925లో హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టినారు. రెండూ పాములే, రెండూ విషాలే. మరి ఒకదాని విరుగుడు ఇంకొకదానికి ఎందుకు పనికిరాదు?

ఎపిటోపు అంటే ఏమి?

ఈ ప్రశ్నకు సమాధానం నెమ్మదిగా వచ్చినది. తాళానికి తాళంచెవివలె యాంటీబాడీ తన శత్రువుకు అతుకుతుందని జర్మనీలో పాల్ ఎర్లిక్ చెప్పినాడు. నెత్తురు గ్రూపులు కనిపెట్టిన కార్ల్ లాండ్‌స్టైనర్ చిన్న చిన్న రసాయనపు తునకలను ప్రోటీన్లకు అతికించి జంతువులకు ఎక్కించి చూచినాడు. ఆ తునకలో కొన్ని అణువులు ఒక చోటినుండి పక్కచోటికి జరిగినా యాంటీబాడీ ఆ తేడా పసిగట్టగలదని ఆయన రుజువు చేసినాడు. అంటే యాంటీబాడీ మొత్తం పదార్థాన్ని చూడదు, దానిమీది ఒక చిన్న చోటును మాత్రమే చూస్తుంది. ఆ చోటుకు 1960లో డెన్మార్కు వంశీకుడైన నీల్స్ యెర్న్ 'ఎపిటోపు' అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో 'పైన వున్న చోటు' అని దాని అర్థం. తెలుగులో 'ఆనవాలు' అంటే సరిపోతుందని మా అభిప్రాయం. అశోకవనంలో సీతమ్మ హనుమంతుణ్ణి నమ్మినది ఉంగరం ఆనవాలు చూచి గదా!

మా గూడ్సు షెడ్డులో మూట విప్పి చూచి సరుకు గుర్తించడం వుండదు. పైన వున్న మార్కా చూచి ఎక్కడికి పోవలసినదో చెప్పేస్తాము. యాంటీబాడీ పనీ అంతే. ఒకే మూటమీద పలు మార్కాలు వున్నట్లు ఒకే విషంమీద పలు ఎపిటోపులు వుంటవి. ప్రోటీను పూసలదండ వంటిది. ఒక ఎపిటోపు వరుసగా వున్న పూసలతో ఏర్పడవచ్చు, లేదా దండ మడతపడినప్పుడు దూరపు పూసలు దగ్గరకు చేరి ఏర్పడవచ్చు. నాగువిషం మార్కాలు వేరు, రక్తపింజరి మార్కాలు వేరు. లాంబ్ చూచిన తేడాకు మూలం ఇదే.

నేటి మందు, దాని కొరతలు

అందుచేతనే మన దేశంలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగింటి విషాలనూ గుర్రాలకు ఎక్కించి ఒకే మందు చేస్తారు. మద్రాసు దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఏర్పడిన ఇరుళ గిరిజనుల సహకార సంఘం పాములను పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదలివేస్తూ ఈ మందుకు ముడిసరుకు సమకూర్చుతూ వచ్చినది. తరతరాల విద్య ప్రాణదానానికి ఉపయోగపడడం మెచ్చదగిన విషయం.

ఈ మందు లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టినది. అయినా దానికి మూడు కొరతలు వున్నవి. మొదటిది, గుర్రపు ప్రోటీను మన ఒంటికి పరాయిది. దాని ఆనవాళ్లను మన శరీరం శత్రువనుకొని తిరగబడవచ్చు. ఈ సీరం జబ్బును 1905లోనే పిర్కే, షిక్ అనే వైద్యులు వర్ణించినారు. రెండవది, ఒకే జాతి నాగు విషం కూడా ప్రాంతాన్నిబట్టి మారుతుందని 2021లో పరిశోధకులు చూపినారు. ఒక సీమ విషంతో చేసిన మందు మరొక సీమలో అంత బాగా పనిచేయకపోవచ్చు. మూడవది, నాగువిషంలో నరాలను స్తంభింపజేసే ప్రోటీన్లు మిక్కిలి చిన్నవి. గుర్రం శరీరం వాటిని అంతగా పట్టించుకోదు. అందువల్ల మందులో వాటికి చాలినన్ని యాంటీబాడీలు వుండవు.

అన్నింటికీ ఒకే ఆనవాలు

1975లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ ఒకే ఎపిటోపును గుర్తించే ఒకే రకం యాంటీబాడీని ఎంత కావలసిన అంత తయారుచేసే ఉపాయం కనిపెట్టినారు. 1984లో వారికీ, ఎపిటోపుకు పేరు పెట్టిన యెర్న్‌కూ కలిపి నోబెల్ బహుమతి వచ్చినది. అటువంటి మొదటి మందు 1986లో అమెరికాలో మూత్రపిండం మార్చిన రోగులకు వచ్చినది. అది ఎలుక యాంటీబాడీ కనుక మళ్లీ పరాయి సరుకే. అదే సంవత్సరం గ్రెగ్ వింటర్ ఎలుక యాంటీబాడీలో ఆనవాలు పట్టే కొసలను మాత్రమే తీసి మనిషి యాంటీబాడీకి అతికించే పద్ధతి ప్రకటించినాడు. తరువాత పూర్తిగా మానవ యాంటీబాడీలే వచ్చినవి.

ఇక మనం నివసించే ఈ నగరానికి సంబంధించిన మాట. 2024 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ పరిశోధనాలయమూ, మన బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సూ, మరికొందరూ కలిసి ఒక మానవ యాంటీబాడీని ప్రకటించినారు. వారి యుక్తి ఇది. నాగు, కట్లపాము జాతుల నరాల విషాలు ఎన్ని రూపాలు మార్చినా, మన కండరంలో నరం సందేశం అందుకొనే చోటును పట్టుకొనే కొస మాత్రం మారడానికి వీలులేదు. మారితే విషం విషమే కాదు. ఆ కొసనే ఆనవాలుగా ఎంచుకొని, దానికి అతికే యాంటీబాడీని కోట్లాది యాంటీబాడీలలోనుండి ఏరినారు. అది కొన్ని నాగు, కట్లపాము జాతుల విషంనుండీ, ఆఫ్రికాలోని నల్ల మాంబా విషంనుండీ చిట్టెలుకలను కాపాడినది. 2025లో అమెరికాలో రెండు మానవ యాంటీబాడీలను, వరెస్ప్లాడిబ్ అనే రసాయనాన్ని కలిపి 19 జాతుల విషాలపై చిట్టెలుకలలో పరీక్షించగా, 13 జాతులకు పూర్తి రక్షణ లభించినది.

ఇవి ఇంకా ఆసుపత్రికి వచ్చిన మందులు కావు. పింజరుల విషం వేరు తరహాది కనుక దానికి వేరే ఆనవాళ్లు వెదకవలసే వున్నది. అందాక గుర్రపు మందే మనకు దిక్కు. కాటుపడినవారిని కదలనీయక, గాయం కోయక, త్రాడు బిగించక, మంత్రానికని ప్రొద్దుపుచ్చక, తిన్నగా మందు వున్న ఆసుపత్రికి చేర్చాలి. స్వగ్రామాలకు వెళ్లినప్పుడు మన బంధువులకు ఈ మాట చెప్పడం మనం అక్కడికి తీసుకుపోగల మంచి కానుక. నూతన సంవత్సరంలో మన చేలగట్లూ, మన పట్టాలూ అందరికీ క్షేమకరంగా వుండుగాక!