ఆస్తి వ్యాజ్యమునకు వకీలు



కంచిలిలో రైలెక్కువారికి స్టేషను పలకమీద కనబడు పేరు సోంపేట. ఊరొకటి, పేరొకటి. మా ప్రాంతపు ఆస్తి తగాదాలలోను ఇట్టి విడ్డూరమే కలదు. భూమి యొకరి అనుభవములో నుండును. పట్టా మరియొకరి పేర నుండును. హక్కు వేరొకరికి పుట్టుకతోనే వచ్చియుండును. ఈ మూడింటిని విడదీసి చూడగల వకీలును ఎట్లు గుర్తింపవలెనన్నదే నేటి ప్రసంగము. నేను బడిపంతులను గాని న్యాయవాదిని గాను. అయినను మన గంజాము సీమ చరిత్రలో ఈ విషయమునకు మంచి పాఠమొకటి కలదు.

వారసత్వ ధర్మము మనవారికి క్రొత్త కాదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరను పదుమూడవ శతాబ్దముననే కేతన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. ఇంగ్లీషువారి కోర్టులు వెలసిన పిమ్మట, 1802 నాటి శాసనములతో మద్రాసు రాజధాని జిల్లా కోర్టులలో వకీళ్ల వృత్తికి కట్టుబాట్లు ఏర్పడినవి. ఆ కాలమున జడ్జీకి హిందూ ధర్మశాస్త్రము విప్పి చెప్పుటకు పండితులుండెడివారు. 1864లో ఆ పదవులు రద్దయినవి. పండితుల యింట బుట్టిన నాకు ఈ మాట చెప్పుట కష్టమే గాని, అడిగినవాని ముఖము చూచి వ్యవస్థ వ్రాసి యిచ్చిన పండితులును లేకపోలేదు. ఏది యెట్లైనను, నాటినుండి శాస్త్రమును కోర్టుకు విన్నవించు భారమంతయు వకీలు మీదనే పడినది. కనుక ధర్మశాస్త్రము తెలిసిన వకీలు, వాక్చాతుర్యము మాత్రమే గల వకీలు అను భేదము అప్పుడే పుట్టినది.

ఇక కిమిడివారి వ్యాజ్యమునకు వత్తము. చిన్నకిమిడి నేడు ఒడిశాలో చేరినది. నాడు మనతో పాటు గంజాము జిల్లాలోనిదే. అచ్చటి జమీందారు 1868లో కొడుకులు లేకుండ కాలము చేసెను. కుటుంబము అవిభక్తము. సోదరుడగు రఘునాథుడు జమీని స్వాధీనము చేసికొనెను. జమీందారుని భార్య ఊరకుండలేదు. దత్తత చేసికొనుమని భర్త తనకు వ్రాతమూలముగా అనుమతి నిచ్చెనని చెప్పి, పెద్దకిమిడి వంశములోని బాలుని బ్రజకిశోరుని దత్తు తీసికొనెను. బాలుని పక్షమున దావా పడినది. అది జిల్లా దాటి మద్రాసు హైకోర్టునకు, అచ్చటనుండి సముద్రము దాటి లండనులోని ప్రీవీ కౌన్సిలునకు పోయి 1876లో ముగిసినది.

ఇందులో బాలుని పక్షమువారు రెండు త్రాళ్లు పట్టుకొనిరి. ఒకటి భర్త వ్రాసి యిచ్చిన కాగితము. రెండవది సపిండుల, అనగా దగ్గరి జ్ఞాతుల, సమ్మతి. భర్త అనుమతి లేకున్నను సపిండుల సమ్మతితో విధవ దత్తత చేసికొనవచ్చునని 1868లోనే రామనాథపురపు వ్యాజ్యమున ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పియుండెను. ఆ తీర్పు చేతిలో నున్నది గదాయని పెద్దకిమిడివారి సమ్మతిని చూపిరి. కాని ప్రీవీ కౌన్సిలు దానిని మెచ్చలేదు. కుటుంబము అవిభక్తమైనప్పుడు సమ్మతి ఆ కుటుంబములోనే అడుగవలెను గాని, వేరుపడిన దూరపు జ్ఞాతిని అడిగిన చాలదని చెప్పెను. మరి దత్తత యెట్లు నిలిచినది? భర్త వ్రాసిన కాగితము వలన నిలిచినది. క్రొత్త తీర్పొక్కటే నమ్ముకొని, పాత కాగితమును పెట్టెలో నుంచిన వకీలు దొరికియున్నచో, ఆ బాలుని గతి యేమయ్యెడిదో ఊహింపుడు!

జమీందారుల మాట యటుంచి మన సంగతి చూతము. ఉద్దానపు కొబ్బరితోట, జీడితోట ఎకరమో రెండెకరములో యుండును. తగాదా మాత్రము జమీ తగాదాకు తీసిపోదు. పైగా 1936లో ఒడిశా రాష్ట్రము వేరుపడినప్పుడు గంజాము జిల్లా చీలినది. సోంపేట ప్రాంతము విశాఖపట్టణము జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళము జిల్లాలోనికి వచ్చినది. అన్న పొలము ఇటు, తమ్ముని పొలము అటు పడిన కుటుంబములు కలవు. అట్టివారు రెండుచోట్ల రెండు దావాలు వేయనక్కరలేదు. ఆస్తి రెండు కోర్టుల పరిధిలో నున్నచో ఏదో యొక కోర్టులో వేయవచ్చునని 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడులోనే యున్నది. పాత దస్తావేజు ఒడియా లిపిలో నున్నచో దానిని స్వయముగా చదువగల వకీలు దొరకుట మరియు మేలు.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పవలెను. చాలయేండ్ల క్రిందట, నాకు శిష్యులైన అన్నదమ్ములిద్దరు తండ్రి వాటా కొరకు పెదతండ్రి కొడుకులపై దావా వేయదలచి నా సలహా అడిగిరి. నేను ఒక మధ్యవర్తి మాట నమ్మి వారినొక పేరుమోసిన వకీలు కడకు పంపితిని. ఆయన కాగితములు విప్పకముందే వకాలతునామా మీద సంతకములు తీసికొనెను, ఫీజు తీసికొనెను. వారికి అత్తవారింటనున్న అక్క యొకతె కలదని ఆయన అడుగలేదు, వీరు చెప్పలేదు. పాలు పంచుకొనవలసిన వారిలో ఒక్కరిని విడిచినను పంపకపు దావా నిలువదు. ఎన్నియో వాయిదాలైన పిమ్మట ఎదుటిపక్షమువారు ఆ మాట లేవనెత్తగా దావా కొట్టివేయబడినది. ఖర్చులకై తమ్ముడు అమ్ముకొన్న కొబ్బరిచెట్ల నీడన నేటికిని నేను తలయెత్తి నడువలేను.

ఆడపడుచు మాట యిప్పుడు మరింత ముఖ్యము. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుండి, నాటికి పెండ్లికాని కుమార్తెలకును అవిభక్త ఆస్తిలో కొడుకుతో సమానముగా జన్మహక్కు కలిగినది. 2005లో కేంద్రచట్టము పెండ్లియైన వారికిని ఆ హక్కునిచ్చినది. 2005 నాటికి తండ్రి జీవించి యుండనక్కరలేదని 2020లో సుప్రీముకోర్టు తేల్చినది. ఇది తెలియని వకీలు నేడుండడు. తెలిసియు, కక్షిదారునకు రుచింపదని చెప్పని వకీలు ఉండవచ్చును. ఉమ్మడి ఆస్తినుండి తనను వెలివేసిరని తెలిసిన నాటినుండి పండ్రెండేండ్లలో దావా వేయవలెనన్న సంగతియు మొదటినాడే చెప్పువాడు కావలెను. గెలిచిన భూమిలో పాలిమ్మని అడుగువాని గడప త్రొక్కకుడు. న్యాయవాదుల నియమములే దానిని నిషేధించినవి. స్త్రీలకు ఆదాయముతో పని లేకుండ ఉచిత న్యాయసహాయము 1987 నాటి చట్టము క్రింద కలదు.

ఆ అన్నదమ్ములను రెండవమారు నేనే వెంటబెట్టుకొని వేరొక వకీలు కడకు పోతిని. ఆయన పేరు ఊరి పొలిమేర దాటినది కాదు. ఫీజు మాట యెత్తలేదు. తెల్లకాగితము తీసి తాతనుండి వంశవృక్షము వ్రాయుమని, ఆడపిల్లలను విడువవద్దని చెప్పెను. వ్రాసిన పిమ్మట మా పాత దస్తావేజులన్నియు చదివి, రెండు సర్వే నంబరులలో మాకు బలము లేదని నిర్మొగమాటముగా చెప్పెను. అన్నగారికి కోపము వచ్చినది. నాకు మాత్రము గుండె కుదుటపడినది. "ముందు మీ అక్కగారిని కలిసి రండు, తరువాత మాటలాడుదము" అని ఆయన కాగితములు తిరిగి యిచ్చెను. ఆ సాయంకాలమే ముగ్గురము ఇచ్ఛాపురము బస్సెక్కితిమి.