పొల్లిలూరు బొమ్మకు నా మార్కులు

పదో తరగతిలో మైసూరు ఎక్స్‌కర్షన్ నుంచి రాగానే సోషల్ మాస్టారు, చూసినవాటన్నిటికీ పదికి ఇన్నని మార్కులు వేయమన్నారు. శ్రీరంగపట్నం దరియా దౌలత్ గోడమీది యుద్ధచిత్రానికి నేను మూడు వేశాను. 'దూరం, దగ్గర తేడా లేదు. మనుషులంతా ఒకే అచ్చు' అని కారణం రాశాను. మాస్టారు కొట్టేయలేదు. "పెద్దయ్యాక నువ్వే దిద్దుకో" అన్నారు.

నిరుడు మళ్లీ ఆ గోడ ముందు నిలబడ్డాను.

1780 సెప్టెంబరు 10న కాంచీపురం దగ్గరి పొల్లిలూరులో హైదర్ అలీ, టిప్పుల సేన కంపెనీ కల్నల్ బెయిలీ దళాన్ని చిత్తు చేసింది. ఆ దళం బయల్దేరింది మన గుంటూరు నుంచే. దారిలో ఏరు పొంగి రోజుల తరబడి ఆగింది. కంచిలో ఉన్న మన్రో సాయానికి రాలేదు. మందుగుండు బండ్లు పేలి వ్యూహం చెదిరింది. బొమ్మలో ఉన్నది ఆ ఘడియే: చతురస్రంగా నిలబడ్డ ఎర్రకోట్లు, మధ్యలో పల్లకీలో బెయిలీ, పక్కనే పేలుడు.

ముప్పై ఏళ్లుగా ప్లాన్లు గీస్తున్నాను. ప్లానులోనూ దూరం, దగ్గర తేడా ఉండదు. ఏది ఎక్కడుందో చెప్పడమే దాని పని. ఆ పని ఈ బొమ్మ చేసింది. చిన్నప్పుడు నేను తప్పు కొలబద్ద పట్టుకున్నాను.

అయితే రెండు లోపాలున్నాయి. ఇది గెలిచినవాడు గీయించుకున్న బొమ్మ. పైగా దీనికి తర్వాత మళ్లీ రంగులు వేశారు. వేయించింది సాక్షాత్తు గవర్నర్ జనరల్ డల్హౌసీ. తమ ఓటమి బొమ్మను తామే నిలబెట్టారన్నమాట! అందుకే దాన్ని 1784 నాటి గీతగా చూడలేం.

అయినా ప్రత్యేక గుర్తింపు ఇవ్వాల్సిందే అంటాను. మనం చదువుకున్న యుద్ధాల్లో ఎక్కువభాగం కంపెనీవాళ్ల రాతల్లోంచి వచ్చినవే. ఇక్కడ మనవైపు కుంచె మాట్లాడింది. కాకపోతే ఒక షరతు: పక్కన బోర్డుమీద రంగుల సంగతి రాయాలి. బెయిలీ దళంలో ఎక్కువమంది ఈ దేశపు సిపాయిలేనన్న సంగతీ రాయాలి. రెండువైపులా చచ్చింది మనవాళ్లే.

మాస్టారు ఇప్పుడు లేరు. దిద్దిన మార్కులు ఇక్కడే అప్పగిస్తున్నాను: పదికి ఎనిమిది.