సుద్దగీత దాటిన బాలుడు: బాలల భయము, ఆరుబయటి విద్య



బృహదారణ్యకోపనిషత్తులో సృష్ట్యారంభానికి సంబంధించిన ఒక ఘట్టం కలదు. ఆది పురుషుడు తాను ఏకాకినని గ్రహించి భయపడ్డాడు. అందువలననే నేటికీ ఒంటరివాడు భయపడతాడని శ్రుతి చెబుతున్నది. పిమ్మట ఆయన, తనకంటె అన్యమైనది లేనప్పుడు దేనికి భయపడాలని విచారించగా ఆ భయం తొలగిపోయింది. వేదాంతులు ఈ ఘట్టంలోని ఉత్తరభాగాన్నే విశేషంగా వ్యాఖ్యానిస్తారు. నాకు మాత్రం పూర్వభాగమే తరచు స్మరణకు వస్తుంది. ప్రజాపతి అంతటివానికి భయం తప్పలేదు. ఆయన విచారంతో దానిని దాటాడు. ఎనిమిదేళ్ల పసివాడికి ఆ విచారం ఎట్లా సాధ్యం?

ఈ ప్రశ్న నాకు గ్రంథంలో ఎదురు కాలేదు, ఆలయ మండపంలో ఎదురైంది. తల్లిదండ్రులు బిడ్డలను వెంటబెట్టుకొని అర్చకుని వద్దకు వచ్చే కారణాలు ఇటీవల మారాయి. పూర్వం దృష్టిదోషం, విడువని జ్వరం. ఇప్పుడు బడి సమయానికి కడుపునొప్పి, పరీక్ష అంటే చేతుల వణుకు, రాత్రి తల్లి కొంగు వదలకపోవడం. చాలాకాలం నేను ఒకే పని చేశాను. చేతికి రక్ష కట్టి, ఆంజనేయస్వామి నామం నూటెనిమిది మార్లు జపించమని చెప్పి పంపేవాడిని. ఒక తండ్రి కొద్ది వారాలకే తిరిగివచ్చి, "స్వామీ, లెక్క తప్పిందేమోనని వాడు మళ్లీ మొదటినుండి మొదలుపెడుతున్నాడు, అర్ధరాత్రి దాటినా పడుకోవడం లేదు" అన్నాడు. భయానికి ఔషధంగా ఇచ్చినదే మరొక భయమైంది. దోషం నామానిది కాదు, పాత్రను చూడక ఉపదేశించిన నాది. మన పూర్వులు బాలుని భయాన్ని ఎట్లా చూశారో అప్పటినుండి వెదకసాగాను.

మొదట స్ఫురించినది ఛాందోగ్యంలోని సత్యకామ జాబాలుని కథ. తండ్రి గోత్రం తెలియని బాలుడు హారిద్రుమత గౌతముని ఆశ్రయించాడు. ఉపనీతుడైన వెంటనే గురువు అతనికి పాఠం చెప్పలేదు. బక్కచిక్కిన నాలుగువందల గోవులను వేరుచేసి, వాటి వెంట వెళ్లమన్నాడు. అవి వేయి అయ్యేవరకు తిరిగిరానని బాలుడు తానే సంకల్పించి వెళ్లాడు. ఆ ఏకాంతంలో వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి ఒక్కొక్కటి ఒక్కొక్క పాదం చొప్పున బ్రహ్మాన్ని బోధించాయి. తిరిగివచ్చిన శిష్యుని ముఖవర్చస్సు చూసి గురువే ఆశ్చర్యపడ్డాడు.

ఈ కథను మనోవ్యాధికి చికిత్సగా ఉపనిషత్తు చెప్పలేదు, చెప్పిందని నేనూ అనను. ప్రతి నవీన విషయానికీ ఒక ప్రాచీన వాక్యాన్ని అతికించి, మహర్షులు ముందే చెప్పారనే అలవాటు మనలో ప్రబలింది. అది శాస్త్రానికి గౌరవం కాదు. కాని ఒక్క విషయం స్పష్టం. కులగోత్రాల ప్రశ్నతో నిలబడిన బాలునికి గురువు ముందుగా ఇచ్చినది ఆకాశం, పశువులు, ఒక బాధ్యత. వాక్యోపదేశం తరువాత వచ్చింది.

బ్రహ్మచారి దినచర్యలోనూ ఈ క్రమమే కనబడుతుంది. ఉభయ సంధ్యలలో సూర్యునికి ఎదురుగా నిలవాలి. సమిధలు తానే తేవాలి, భిక్షకు ఇంటింటికీ నడవాలి. అకాలంలో ఉరిమితే, పెనుగాలి వీస్తే అనధ్యాయం; అంటే విద్యార్థి ఆకాశాన్ని చూడక తప్పదు. (పాఠం తప్పుతుందేమోనన్న ఆశతో మేఘాలను మేము ఎంత భక్తితో పరిశీలించేవారమో చెప్పనక్కరలేదు.) పాఠశాలలో చేరిన తొలి మాసంలో ఇంటిపై బెంగతో నాకు స్వరం పెగిలేది కాదు. మా గురువుగారు ఓదార్చలేదు, దండించలేదు. తోటలోని మారేడు మొక్కలకు నీళ్లు పోసే పని ఒక్కటి అప్పగించారు. అది ఎందుకో అప్పుడు తెలియలేదు.

ఇక సమీప చరిత్రకు వద్దాం. కలకత్తాలోని జొరాసాంకో భవనంలో ఒక బాలుడు సేవకుల పాలనలో పెరిగాడు. శ్యామ్ అనే సేవకుడు తన సౌకర్యం కోసం ఆ బాలుని ఒకచోట కూర్చోబెట్టి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసి, దాటితే ఆపద తప్పదని వేలు చూపి బెదిరించేవాడు. సీతమ్మ గీత దాటి పడిన కష్టం విని ఉన్న ఆ బాలుడు కదిలేవాడు కాదు. కిటికీలోనుండి కనబడే చెరువును, దాని గట్టున ఉన్న మర్రిచెట్టును చూస్తూ గంటలు గడిపేవాడు. అతడే రవీంద్రనాథ ఠాకూరు. పెద్దవాడైన తరువాత 'జీవనస్మృతి'లో ఈ సంగతి తానే వ్రాసుకొన్నాడు. రామకథ వినని బిడ్డ బహుశః ఆ గీతను తేలికగా దాటేవాడేమో! పుణ్యకథను బెదిరింపుకు వాడితే ఏమవుతుందో పౌరాణికులు ఆలోచించదగిన విషయం.

1873లో ఉపనయనం జరిగింది. ముండిత శిరస్సుతో బడికి వెళితే తోటివారు హేళన చేస్తారని బాలుడు కుమిలిపోతుండగా, తండ్రి మహర్షి దేవేంద్రనాథుడు పిలిచి, తనతో హిమాలయాలకు వస్తావా అని అడిగాడు. ముందుగా వారు ఆగినది బోల్పూరు సమీపంలోని శాంతినికేతనంలో. 1863లో దేవేంద్రనాథుడు ధ్యానం కోసం సంపాదించిన మైదానం అది. అక్కడ వర్షపునీరు కోసిన ఎర్రమట్టి గండ్లలో బాలుడు ఒంటరిగా తిరిగి, ఒడినిండా రాళ్లు ఏరుకొని వచ్చేవాడు. తండ్రి వాటిని పారవేయమనలేదు. తాను సూర్యోదయాన కూర్చునే మట్టిదిబ్బను ఆ రాళ్లతో అలంకరించమన్నాడు. తాను గుర్తుపెట్టుకొన్న గీతాశ్లోకాలను వ్రాసిపెట్టమన్నాడు. కొంత డబ్బు, బంగారు గడియారానికి కీ ఇచ్చే పని కూడా అప్పగించాడు. బాలుడు అత్యుత్సాహంతో కీ తిప్పగా గడియారం మరమ్మతుకు కలకత్తా వెళ్లవలసివచ్చింది!

డల్హౌసీ కొండలలో, ఇనుపమొన గల కర్ర పట్టుకొని, దేవదారు వనాలలో ఆ బాలుడు శిఖరం నుండి శిఖరానికి ఏకాకిగా తిరిగాడు. తండ్రి ఒక్కనాడూ అడ్డుచెప్పలేదు. అట్లని నియమం లేకపోలేదు. తెల్లవారకముందే సంస్కృత శబ్దరూపాల వల్లె, మంచునీటి స్నానం, రాత్రి నక్షత్ర పరిచయం ఉండేవి. గీత చెరిపిన తండ్రి క్రమాన్ని చెరపలేదు. దేవేంద్రనాథునిలో నేను ఎక్కువగా మెచ్చేది ఇదే. బిడ్డ భయానికంటె పెద్దల భయమే అధికమైన నేటి ఇళ్లలో ఇది దుర్లభం. ఆ యాత్ర వలన బాలునికి బడిపై ప్రీతి కలిగిందా అంటే, లేదు. మునుపటికంటె కష్టమే అయింది. అయినా ఆ కొన్ని మాసాలు అతనిలో నిలిచిపోయాయి.

1901 డిసెంబరు 22న, పౌషమాసం 7వ నాడు, అదే శాంతినికేతనంలో రవీంద్రుడు బ్రహ్మచర్యాశ్రమాన్ని స్థాపించాడు. ఆరంభంలో విద్యార్థులు ఐదుగురే. పాఠాలు చెట్లనీడన జరిగేవి. ఉదయం, సాయంకాలం పదిహేనేసి నిమిషాలు పిల్లలు నిశ్శబ్దంగా కూర్చోవాలని నియమించాడు. అయితే ఆ వేళలో వారు ఈశ్వరధ్యానమే చేయాలని ఆయన పట్టుబట్టలేదు. చెట్టెక్కే ఉడుతలను చూస్తూ కూర్చున్నా సరే, నిశ్చలంగా ఉంటే చాలునన్నాడు. ఇది చదివిన రోజున నాకు ఆ నూటెనిమిది లెక్క జ్ఞప్తికి వచ్చింది. ఉడుతను చూడటంలో తప్పిపోయే సంఖ్య లేదు.

మన మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిగారి బాల్యం కూడా ఇట్టిదే. మలేరియాతో కృశించిన శరీరం, పదవయేట మాతృవియోగం, పాఠం రాదని బెత్తపు దెబ్బలు. మేఘాలను, చెట్లను, చిన్న పురుగులను తదేకంగా చూడటమే ఆ బాలునికి తెలిసినది. మందబుద్ధి అన్నారు. తరువాత ఆయన మదనపల్లె సమీపాన ఒక మహావటవృక్షం ఉన్న లోయను ఎంచుకొనగా ఋషివ్యాలీ విద్యాలయం ఏర్పడింది. అక్కడ పిల్లలు సాయంవేళ సూర్యాస్తమయాన్ని చూస్తూ మౌనంగా కూర్చునే ఆచారం ఉంది. దానిని అస్తాచల్ అంటారు. సంధ్యోపాసన మంత్రాలు అందులో లేవు. మంత్రాలు ఉన్న మనం మాత్రం నాలుగు గోడల మధ్య, దీపపు వెలుగులో, గడియారం చూసుకొంటూ సంధ్య ముగిస్తున్నాం.

నిద్రాహారాలు మానిన బిడ్డను, ఆత్మహాని మాటలాడే బిడ్డను జాగుచేయక వైద్యునికి చూపించవలసినదే. తోట వైద్యానికి తోడు మాత్రమే, బదులు కాదు.

జపం లెక్క తప్పుతుందని బెదిరిన ఆ బాలుని సంగతి చెప్పలేదు. మాల తీసుకొని, ఆలయ నందనవనంలో ఉదయం పూలు కోసే పని ఇచ్చాను. లెక్క వద్దన్నాను, సజ్జ నిండకపోయినా స్వామికి చాలునన్నాను. మొదటివారం తండ్రి చేయి వదలలేదు. ఇప్పుడు తండ్రి మండపంలో కూర్చుంటాడు. మొన్న గన్నేరు కొమ్మపై గొంగళిపురుగును చూస్తూ నిలబడిపోయి, అర్చన ఆరంభమైనా పూలు తీసుకురాలేదు. తులసితో ఆరంభించి, వాడు వచ్చేవరకు నేను పిలవలేదు.