కొండ నెక్కిన ఓడ : ఒక చలనచిత్ర నిర్మాణ చరిత్ర

చలనచిత్రకళ పుట్టి నూఱేండ్లు దాటినది. స్టూడియో గోడల నడుమ అడవులను, సముద్రములను, యుద్ధభూములను కల్పించుట ఆ కళ తొలినాళ్లలోనే నేర్చినది. అయినను ఆ కల్పనతో తృప్తి చెందక, నిజమైన అరణ్యమునకు, నిజమైన మంచునేలకు కెమెరాను మోసికొనిపోయిన దర్శకులు మొదటినుండియు కలరు. రాబర్ట్ ఫ్లాహర్టీ కెనడా ఉత్తరభాగమున తీసిన చిత్రము 1916లో సిగరెట్టు నిప్పు తగిలి కాలిపోయెను. అతడు మరల అచ్చటికే పోయి 1920-21 సంవత్సరములలో క్రొత్తగా చిత్రించి, 1922లో ‘నానూక్ ఆఫ్ ది నార్త్’ను వెలువరించెను. ‘అపోకలిప్స్ నౌ’ కొఱకు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పొలా ఫిలిప్పీన్సులో కట్టించిన సెట్లు 1976లో తుపానువలన ధ్వంసమైనవి. ఐనను 1979లో ఆ చిత్రము విడుదలయ్యెను. ఇట్టి వృత్తాంతములు సాధారణముగా దర్శకుని పట్టుదలకు నిదర్శనములుగా చెప్పబడుచుండును. ఆ పట్టుదల యొక్క భారమును మోసినవా రెవరు అను ప్రశ్న మాత్రము అరుదుగా వినవచ్చును. జర్మను దర్శకుడు వెర్నర్ హెర్జోగ్ పెరూదేశపు అడవులలో తీసి 1982లో విడుదల చేసిన ‘ఫిట్స్‌కరాల్డో’ నిర్మాణచరిత్ర ఈ ప్రశ్నను పరిశీలించుటకు తగిన ఆధారము.

ముందుగా కథకు మూలమైన చరిత్రను చూతము. పందొమ్మిదవ శతాబ్ది చివఱ రబ్బరునకు గిరాకి పెరిగి, అమెజాను నదీప్రాంతమున వర్తకులు అపారధనము గడించిరి. బ్రెజిలులోని మనౌస్ నగరమున 1896లో ప్రారంభమైన ఓపెరా మందిరము ఆ ధనమునకు చిహ్నము. ఆ వర్తకులలో పెరూదేశీయుడు కార్లోస్ ఫెర్మిన్ ఫిట్స్‌కరాల్డ్ (1862-1897) ఒకడు. ఉరుబాంబా నదీమండలమునకును, మాద్రె దె దియోస్ నదీమండలమునకును నడుమ ఇరుకైన మిట్ట యొకటి కలదని అతడు కనుగొనెను. 1890ల దశకమున ఒక ఆవిరిపడవను భాగములుగా విడదీయించి, ఆదివాసులచేత ఆ మిట్టమీదుగా మోయించి, ఆవలి నదీతీరమున తిరిగి బిగింపించెను. ఆ మిట్ట నేటికిని అతని పేరనే పిలువబడుచున్నది. మాను నది ఎగువభాగమున అతని నెదిరించిన మాష్కో జనులు అనేకులు చంపబడిరి. 1897లో అతడు ఉరుబాంబా నదిలో పడవప్రమాదమున మరణించెను.

ఈ వృత్తాంతమున హెర్జోగ్ మనస్సును పట్టుకొన్నది వర్తకము కాదు. కొండమీద ఓడ అను దృశ్యము. అతడు చరిత్రను రెండు విధముల మార్చెను. లాభాపేక్షకు బదులు, ఇకిటోస్ పట్టణమున ఓపెరా మందిరమును కట్టవలెనను వెఱ్ఱికోరికను కథానాయకునకు కల్పించెను. విడదీసిన పడవకు బదులు విడదీయని ఓడనే కొండ యెక్కింప నిశ్చయించెను. అసలు పడవ బరువు సుమారు 30 టన్నులని హెర్జోగే చెప్పియున్నాడు. చిత్రములోని ఓడ బరువు 320 టన్నులు. బొమ్మ ఓడతో పని జరుపవచ్చునన్న హాలీవుడ్ వారి సలహాను అతడు త్రోసిపుచ్చెను. ప్రేక్షకుడు తన కన్నులను తాను మరల నమ్మగలుగవలెననునది అతని వాదము. కాగా, వర్తకుడే చేయని పనిని కళాకారుడు చేయబూనెను.

ఆటంకములు ఆరంభముననే ఎదురైనవి. ఈక్వెడారు సరిహద్దునకు చేరువలో, అగ్వరూనా జనుల ప్రాంతమున నిర్మించిన మొదటి విడిదిని 1979 డిసెంబరులో ఆ జనులే తగులబెట్టిరి. చిత్రబృందము దక్షిణమున చాల దూరముననున్న ఉరుబాంబా, కమిసియా నదుల నడుమకు తరలిపోయెను. 1981 ఆరంభమున చిత్రీకరణము మొదలై, దాదాపు 40 శాతము పూర్తియైన పిమ్మట నాయకపాత్రధారి జేసన్ రాబర్డ్స్ రక్తగ్రహణితో స్వదేశమునకు పోయెను. తిరిగి రాగూడదని వైద్యులు నిషేధించిరి. సంగీతయాత్రకు పోవలసియుండుటచే గాయకుడు మిక్ జాగర్ కూడ తప్పుకొనెను. హెర్జోగ్ జాగర్ పాత్రను కథనుండి తొలగించి, క్లౌస్ కిన్‌స్కీని నాయకునిగా తీసికొని, అంతయు మొదటినుండి మరల చిత్రించెను.

ఇక కొండ సంగతి. ఓడను లాగు యంత్రములను అమర్చుటకు వచ్చిన బ్రెజిలు ఇంజనీరు తక్కువ వాలునకు లెక్కకట్టెను. దర్శకుడు దాదాపు 40 డిగ్రీల వాలు కావలెనని పట్టుపట్టెను. ఉక్కుమోకులు తెగినచో అనేకులు మరణింతురని హెచ్చరించి ఇంజనీరు వెడలిపోయెను. హెర్జోగ్ పని మానలేదు. 1981లోనే ఓడ కొండశిఖరమును చేరెను. అచ్చు అట్టిదే యగు మఱియొక ఓడను పొంగో దె మైనికే అను భయంకరమగు వడిలో విడిచి చిత్రించునప్పుడు ఛాయాగ్రాహకుడు థామస్ మౌఖ్ చేయి చీలినది. ఒక చిన్న విమానము కూలి కొందఱు తీవ్రముగా గాయపడిరి. విడిదికి చెందిన ఆదివాసులు కొందఱు అమహువాకా జనుల బాణములకు గుఱికాగా, వంటయింటి బల్లమీదనే శస్త్రచికిత్స జరిగెను. ఈ నిర్మాణమును గూర్చి లెస్ బ్లాంక్ తీసిన ‘బర్డెన్ ఆఫ్ డ్రీమ్స్’ (1982) ఈ వివరములలో పెక్కింటికి సాక్ష్యము.

దీని నంతయు ఒక మనుష్యుని మొండిపట్టుదల కథగా చెప్పుట పరిపాటి. అట్లు చెప్పినచో చరిత్ర సగమే చెప్పినట్లగును. మోకులు పట్టినవారు కాంపా, మచిగెంగా జనులు. రబ్బరుకాలమున ఈ అడవులలోని ఆదివాసులను వర్తకులు బలిమిచే పని చేయించిరి. చిత్రమున పనిచేసినవారికి ఆ ప్రాంతపు కూలికంటె అధికవేతన మీయబడెను. ఈ భేదము స్వల్పము కాదు. అయినను, మోకు తెగునేమో యన్న లెక్క దర్శకునిది, తెగినచో పోవు ప్రాణము కూలివానిది. ఆ అసమానత రెండు కాలములకును సామాన్యము.

మఱియు, ఆ జనులు కేవలము లాగుడుచేతులు కారు. అగ్వరూనా జనులు విడిదిని కాల్చుట తమ భూమిపై నిర్ణయము తమదేయని చాటుట. మచిగెంగా జనులు కోరినది తమ నేలకు హక్కుపత్రము. దానిని సాధించుటలో హెర్జోగ్ వారికి తోడ్పడెను. దర్శకుడు దృశ్యము కొఱకు, వారు నేల కొఱకు పాటుపడిరి. చిత్రమే ఈ సత్యమును తెలిసియో తెలియకయో చెప్పుచున్నది. కథలో ఆదివాసులు నాయకుని కోరిక తీర్చుటకు ఓడను లాగలేదు. నదీదేవతలను శాంతింపజేయుటకు లాగి, రాత్రివేళ కట్లు కోసి, ఓడను వడికి అర్పించిరి. నాయకుని సంకల్పము వారి సంకల్పములో ఒక భాగమైపోయెను.

ఒక విశేషము గమనింపదగినది. కొండ తొలచుటకును, ఓడ లాగుటకును బుల్డోజరు వినియోగింపబడినది. తెరమీద అది కానరాదు. కన్నులను నమ్ముమని కోరిన చిత్రముకూడ చూపవలసినదానిని ఎంచుకొనియే చూపినది. ఇది దోషమని కాదు. నిజస్థలమున తీసిన చిత్రమును నిజమునకు పర్యాయముగా గ్రహింపరాదని మాత్రమే తాత్పర్యము.

ఈ చిత్రమునకు 1982లో కాన్ చలనచిత్రోత్సవమున ఉత్తమ దర్శకుని బహుమానము లభించినది. కొండమీద మెల్లగా కదలు ఆ ఓడను చూచినవారు దానిని మఱువలేరు. నమూనా ఓడతో ఆ అనుభూతి కలుగదనుట సత్యమే. హెర్జోగ్ సాహసమును తక్కువ చేయుట ఈ వ్యాసమున కుద్దేశము కాదు. కాని క్షీరసాగరమథనమును చెప్పిన మన పురాణములు అమృతముతో ఆగిపోలేదు. త్రాడైన వాసుకిని, అడుగున మందరమును మోసిన కూర్మమును, విషము మ్రింగిన శివుని కూడ పేరుపేరున చెప్పినవి. చలనచిత్ర చరిత్రకారులకు ఆ పద్ధతి ఆదర్శప్రాయము. మన దేశమునందును అడవులలో, ఎడారులలో, సముద్రతీరములలో తీయబడిన చిత్రములు అనేకములు కలవు. వాని చరిత్రలు వ్రాయువారు నటులతోడను దర్శకులతోడను ఆగక, ఆయా తావుల ప్రజల జ్ఞాపకములనుకూడ సేకరింపవలసియున్నది. మోకు పట్టినవారు జీవించియుండగనే ఆ పని జరుగవలయును.