హారియట్ కొండ మీద విడిది

1872 ఫిబ్రవరి 8, పొద్దు వాలే వేళ. దక్షిణ అండమాన్‌లోని హోప్‌టౌన్ రేవులో దిగి వైస్రాయ్ లార్డ్ మేయో కొండెక్కాడు. పొద్దుటి నుంచి ఖైదీల దీవులన్నీ తిరిగి చూశాడు. వెంట ఉన్నవాళ్లు ఇక చాలన్నా వినలేదు. జబ్బుపడ్డవాళ్లు గాలి మార్పు కోసం ఉండేలా పైన ఆరోగ్య విడిది కట్టవచ్చేమో చూడాలని ఆయన కోరిక. శిఖరం మీద కూర్చుని సూర్యాస్తమయం చూశాడు. దిగేసరికి చీకటి పడింది. కాగడాల వెలుగులో రేవు మీద నడుస్తుంటే షేర్ అలీ అఫ్రిదీ అనే ఖైదీ వెనక నుంచి దూకి కత్తితో పొడిచాడు. నీళ్లలో పడిన వైస్రాయ్ లేచి నిలబడ్డాడు గానీ, ఓడకు చేర్చేలోపే ప్రాణం పోయింది. పదవిలో ఉండగా హత్యకు గురైన వైస్రాయ్ ఆయనొక్కడే. షేర్ అలీని మార్చి 11న వైపర్ దీవిలో ఉరితీశారు.

ఆ కొండే మౌంట్ హారియట్. అండమాన్‌లో కొండ, అడవి, సముద్రం ఒక్క రోజులో చూడాలనుకునే యాత్రికులు నేడు మొదట వెళ్లే జాతీయ ఉద్యానవనం అది.

ఎత్తు 400 మీటర్లు కూడా లేదు. మన సింహాచలం కంటే కాస్త పెద్ద కొండ అనుకోండి. కానీ తీరం నుంచే నిటారుగా లేస్తుంది కాబట్టి పైన గాలి చల్లగా తగులుతుంది. 1862 నుంచి 1864 దాకా ఖైదీల స్థావరానికి సూపరింటెండెంట్‌గా ఉన్న రాబర్ట్ టైట్లర్ భార్య పేరు హారియట్. 1857లో ఢిల్లీ ముట్టడి జరుగుతుండగా బ్రిటిష్ శిబిరంలో, బండిలోనే బిడ్డను కన్న మనిషి ఆమె. భర్తతో కలిసి ఢిల్లీ, లక్నో శిథిలాలను ఫొటోలు తీసింది. కొండకు ఆమె పేరే నిలిచిపోయింది. తర్వాతి కాలంలో చీఫ్ కమిషనర్లకు ఇదే వేసవి విడిది అయింది. తాముండే రాస్ దీవిలో ఉక్కపోస్తే పడవెక్కి ఇక్కడికి వచ్చేవారు. ఆ బంగళా పునాదులు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఆ దొరల చల్లదనం ఎవరి చెమట? 1858 మార్చిలో డాక్టర్ వాకర్ 200 మంది ఖైదీలతో వచ్చి దిగిన నాటి నుంచి ఇక్కడ చెట్టు కొట్టినా, బాట వేసినా, రేవు కట్టినా ఆ చేతులే. మలేరియాతో, అడవిలోంచి వచ్చే అండమానీయుల బాణాలతో వేలమంది రాలిపోయారు. తమ అడవిని పోగొట్టుకున్న అండమానీయుల కష్టం ఇంకా పెద్దది. ఈ బాట మీద నడుస్తుంటే నాకు మొదట గుర్తొచ్చేది వైస్రాయ్ కాదు, వీళ్లే.

1891 ఆంగ్లో మణిపురి యుద్ధంలో ఓడిన మహారాజు కులచంద్ర సింగ్‌ను, ఆయన మనుషులు 22 మందిని ద్వీపాంతరం పంపి ఉంచిందీ ఈ కొండ మీదే. అప్పటికి సెల్యులార్ జైలు ఇంకా కట్టలేదు. 2021 అక్టోబరులో కేంద్రం కొండ పేరును మౌంట్ మణిపూర్‌గా మార్చింది. నా మటుకు అది న్యాయమైన మార్పు.

వెళ్లాలంటే చాథంలో ఫెర్రీ ఎక్కాలి. 1883 నాటి సామిల్లు పక్కనే ఆ జెట్టీ. మనుషులు, స్కూటర్లు, జీపులు అన్నీ ఒకే పడవలో బాంబూ ఫ్లాట్‌కు దాటుతాయి. అక్కడి నుంచి ఘాట్ రోడ్డు. పైన ఆకాశాన్ని కప్పేసే గుర్జన్, పడాక్ చెట్లు. వాన పడితే రాలిన ఆకుల కింది నుంచి జలగలు లేచి పాదాల చుట్టూ తలలాడిస్తాయి. సాక్సులోకి దూరేదాకా తెలియదు. శిఖరం నుంచి కాలాపత్థర్ అనే నల్లరాతి అంచు దాకా అడవి బాట ఉంది. ఓపికున్నవాళ్లు మధుబన్ తీరం దాకా దిగవచ్చు. దారిలో కనిపించే నార్త్ బే దీపస్తంభం మనకు కొత్తదేమీ కాదు. పాత ఎర్ర 20 రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ అదే.

ఆ నార్త్ బేలో నేడు పగడాల మీద స్నార్కెలింగ్, గాజు అడుగు పడవలు, సముద్రపు నడకలు. రాత్రి గుడారం వేసుకుంటామంటే మాత్రం ఇష్టం వచ్చిన చోట కుదరదు, అటవీశాఖ అనుమతి కావాలి. దిగ్లీపూర్ దగ్గరి 732 మీటర్ల శాడిల్ పీక్‌కూ అదే నియమం. ఉప్పునీటి మొసళ్లు తిరిగే మడ అడవుల వాగులున్న దీవులివి. ఆ కట్టుబాటు మీద విసుక్కోవడం తెలివైన పని కాదు.

విశాఖ నుంచి ఓడలో వచ్చే మనవాళ్లు ఈ కొండ మీద నిలబడి, నీళ్లకు ఆవల శ్రీ విజయపురం అని 2024లో పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ వైపు చూస్తే అక్కడి సెల్యులార్ జైలు గుర్తొస్తుంది. దానికీ ఒక తెలుగు కథ ఉంది. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొరను మన్యం కొండల నుంచి తెచ్చి ఈ దీవుల్లోనే శిక్ష అనుభవించమన్నారు. విడుదలై తిరిగి వెళ్లిన ఆ మల్లుదొరను 1952లో విశాఖ జనం తొలి లోక్‌సభకు గెలిపించి పంపారు.