గొలుసు నుంచి మగ్గం దాకా

పటం గీయడం పెద్ద చదువులవారి పని అనుకుంటాం. దాని చరిత్ర మాత్రం చేతిపనుల వైపే మొగ్గుతుంది. 1794లో ఈస్టిండియా కంపెనీ సర్వేయర్ మైకేల్ టాపింగ్ చొరవతో మద్రాసులో మొదలైన సర్వే బడి తొలి విద్యార్థులు ఎనిమిది మంది కుర్రాళ్లు. పట్టాల కోసం కాదు, గొలుసు పట్టి నేల కొలవడానికి చేరారు. ఆ బడే తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. కృష్ణా, గోదావరి డెల్టాల నీటిపారుదలపై దృష్టి పెట్టిన టాపింగ్, 1796లో మచిలీపట్నంలో కన్నుమూశాడు.

అదంతా కంపెనీ శిస్తు కోసమే కదా అనవచ్చు. నిజమే, పటం ఎప్పుడూ అమాయకంగా పుట్టలేదు. అయితే ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి దాని పని మారుతుంది. వరంగల్‌లోని కొత్తవాడ మగ్గాలకు పేరు తెచ్చిన వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది. ఆ గుర్తింపు కోసం పెట్టే దరఖాస్తుకు ఉత్పత్తి ప్రాంతపు పటం జతచేయాల్సిందే. అంటే నేతగాడి హక్కు ఇప్పుడు ఒక గీతలో ఉంది. ఉపగ్రహ చిత్రాల కాలంలో ఆ గీతకు నిపుణులు చాలరా? గీస్తారు, సరే. కానీ ఏ వీధిలో మగ్గం ఆగింది, ఏ ఇంట్లో ఆడుతోంది అన్నది ఆ వాడకే తెలుసు. అందుకే కంప్యూటర్‌లో పటాలు గీసే జీఐఎస్ (భౌగోళిక సమాచార వ్యవస్థ) పాఠం సాయంకాలపు తరగతిగా కొత్తవాడకు రావాలి.