షీరాలో నిమ్మచుక్క

ఈద్‌కి గులాబ్ జామున్ షీరా కాచేటప్పుడు అమ్మీ మరిగే పాకంలో నాలుగు నిమ్మచుక్కలు పిండేది. ఎందుకని అడిగితే, "లేకపోతే చక్కెర మళ్లీ పలుకు కట్టేస్తుంది బేటా" అనేది. ఆ నిమ్మచుక్క వెనక పెద్ద తారీఖే ఉందని నాకు చాలా ఆలస్యంగా మాలూమ్ అయ్యింది.

నిమ్మలోని తేజాబ్ కొంత చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. జర్మనీలో లుడ్విగ్ విల్హెల్మీ 1850లో, తేజాబ్ కలిపిన చక్కెర నీళ్లలో ఈ మార్పునే కొలిచాడు. ఏ క్షణంలోనైనా చర్య వేగం అప్పటికి మిగిలిన చక్కెర గాఢతను బట్టి ఉంటుందని తేల్చాడు. మిగిలిన చక్కెర సగమైతే వేగమూ సగమే. అఫ్సోస్, ఎవరూ గౌర్ చేయలేదు. 1864లో ఆయన ఇంతెకాల్ అయ్యింది.

అదే ఏడాది నార్వేలో గుల్డ్‌బర్గ్, వాగె అనే ఇద్దరు దోస్తులు గాఢతకూ చర్యకూ ఉన్న రిష్తాను ఒక కానూన్‌గా రాశారు. రాసింది తమ మాదరీ జబాన్‌లో. యూరప్ చదవలేదు. 1867లో ఫ్రెంచిలో, 1879లో జర్మన్‌లో మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

ఇక హరారత్ సంగతి. 1884లో డచ్ సైన్స్‌దాన్ వాంట్ హాఫ్, 1889లో స్వీడన్‌కు చెందిన అర్హీనియస్ దాని లెక్క తేల్చారు. అర్హీనియస్ పట్టుకున్నదీ ఆ చక్కెరనే! గాఢత పెరిగితే అణువులు ఎక్కువసార్లు ఢీకొంటాయి. కానీ ఢీకొన్న ప్రతిసారీ చర్య జరగదు. దానికి కొంత తాకత్ కావాలి. వేడి పెరిగితే ఆ తాకత్ ఉన్న అణువుల సంఖ్య ఎన్నో రెట్లు పెరుగుతుంది. అందుకే చాలా చర్యల్లో పది డిగ్రీలు పెరిగితే వేగం దాదాపు రెట్టింపవుతుంది.

ఈ పాఠం నేను ఉర్దూ మీడియంలో చదివాను. ఇలాంటి ఇల్మ్‌ను ఉర్దూలోకి తేవడానికే 1917లో హైదరాబాద్‌లో దారుత్తర్జుమా పెట్టారు. 1918లో ఏర్పడిన ఉస్మానియాలో సైన్స్ కూడా ఉర్దూలోనే చెప్పారు. తెలుగులో డిగ్రీకి వెళ్లినప్పుడు నా నోట "హరారత్", "ఇర్తికాజ్" అని వస్తే క్లాసులో నవ్వారు. ఉష్ణోగ్రత, గాఢత అని దిద్దుకున్నాను. నాకు సైన్సే రాదేమోనని చాలాకాలం షరమ్ పడ్డాను. నార్వే దోస్తుల కథ చదివాకే ఆ బరువు దిగింది. వాళ్ల ఇల్మ్‌లో కమీ లేదు. దాన్ని అవతలి జబాన్‌కు మోసుకెళ్లేవాళ్లే అప్పటికి లేరు.

మొన్న మా అమ్మాయి ఇంటర్ కెమిస్ట్రీని ఇంగ్లీషులో వల్లె వేస్తుంటే ఈ కథంతా చెప్పాను. కాసేపు ఆలోచించి అడిగింది: "అబ్బూ, అయితే చల్లటి నిమ్మ షర్బత్‌లో కూడా చక్కెర విడిపోతూనే ఉంటుందా?"

"ఉంటుంది బేటా," అన్నాను. "బహుత్ ఆహిస్తా."